వీపుకంటిన మన్ను

ఇట్లా దగ్గరికి జరుగు తల్లీ. ఆ గోడవార కూర్చుంటే రేకుల మీద గాలి చప్పుడే గానీ నా మాట వినిపించదు. గోనెపట్టా పరిచాను, దాని మీద కూర్చో. రేఖ కళ్యాణదుర్గం నుంచి బస్సు దిగి రావడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. నువ్వు ఆమె దగ్గర నేర్చుకోవడానికి వచ్చావు కదా. ఆమె ఎవరో, ఈ షెడ్డు తలుపు ఇంకా తెరిచే ఎందుకుందో తెలియకుండా నేర్చుకుంటే సగమే నేర్చుకున్నట్టు. అడిగితే ఆమె నవ్వి ఊరుకుంటుంది. అందుకని నేను చెప్తాను.

నా పేరు బయమ్మ. రేఖ నా కొడుకు నరసింహులు కూతురు. నేను చదివింది రెండో తరగతి, అదీ అయ్యవారు వచ్చిన రోజుల్లో మాత్రమే. కానీ ఏ ఏడు ఎన్ని వానలు పడ్డాయో, ఎవరి బోరు ఎన్ని అడుగుల దగ్గర దుమ్ము కక్కిందో, ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగి విస్తరి ముందు నుంచి లేచిపోయారో అడుగు, తడుముకోకుండా చెప్తాను.

రేఖ సంగతి చెప్పాలంటే ముందు మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన గరిడీలో, అదే కుస్తీ నేర్పే చోట, పెరిగిన మనిషి. కంబదూరు చుట్టుపక్కల ఏ పరుషలో, అదే జాతరలో, కుస్తీ పెట్టినా లంగోటా చంకన పెట్టుకుని పోయేవాడు. మా వైపు కుస్తీకి ఒకటే తీర్పు. వీపుకు మన్నంటిందా, ఓడినట్టు. అంతే, ఇంక మాట్లాడేది లేదు. ఓడినవాడు వీధి వాకిలి నుంచి ఇంట్లోకి రాకూడదు. దొడ్డివైపు నుంచి వచ్చి, తల్లి చేతో పెళ్ళాం చేతో వీపు కడిగించుకున్నాకే నలుగురికీ మొహం చూపించాలి. ఆయన బతికినంత కాలంలో నేను రెండే రెండుసార్లు ఆయన వీపు కడిగాను. రేఖ చిన్నగా ఉన్నప్పుడు ఆమెను భుజాన ఎక్కించుకుని పరుషలకు తీసుకుపోయేవాడు. పిల్ల ఇంటికి వచ్చి దూడను పట్టుకుని కుస్తీ పట్టేది. దూడ తల్లి వచ్చి కుమ్మితే గడ్డివామి మీద పడి నవ్వేది.

పదో తరగతి అయ్యాక వరుసగా మూడేళ్ళు చెనక్కాయ పంట ఎండింది. నాలుగో ఏడు రేఖ బెంగళూరు బస్సు ఎక్కింది. చొక్కాలకు కాలర్లు కుట్టే ఫ్యాక్టరీలో పని. ఆమె ఉన్న గది కింద ఒక పెద్ద హాలు, అందులో ఒక మాస్టరు జుజిట్సు నేర్పించేవాడు. చేరాలంటే ఫీజు కట్టాలి, ఈమె దగ్గర ఏముంది? ఆదివారం ఆదివారం హాలంతా ఊడ్చి, పరుపులు తుడుస్తానని చెప్పి చేరింది. ఊడ్చేది ఒక గంట, నేర్చుకునేది నాలుగు గంటలు.

జుజిట్సు అంటే నీకు కొంచెం తెలిసే ఉంటుంది. కొట్టడం కాదు, పట్టడం. ఎదుటి మనిషి చెయ్యో కాలో మెడో చిక్కించుకుని, మోపు మీద మోకు బిగించినట్టు బిగించడం. అది వచ్చాక ఆమె గుద్దులు, తన్నులు, పట్లు అన్నీ కలిపిన పోటీల్లోకి దిగింది. జాలీ కట్టిన బోనులోకి ఇద్దరిని పంపి బయట గొళ్ళెం పెడతారట. పదేళ్ళలో పద్నాలుగు పోటీలు. తొమ్మిది గెలిచింది, ఐదు ఓడింది. బొంబాయి పోయింది, ఢిల్లీ పోయింది, ఒకసారి విమానమెక్కి థాయ్‌లాండు కూడా పోయి వచ్చింది. ముక్కు రెండుసార్లు విరిగింది. ఎడమ చిటికెనవేలు ఇప్పటికీ వంగదు. చెవులు చూశావా, ఎప్పుడూ రాచుకుని రాచుకుని ఎండిన చెనక్కాయల్లా ముడుచుకుపోయాయి. ఆ చెవులకు కమ్మలు ఎట్లా పెడతారని పెళ్ళిచూపులకు వచ్చినావిడ అడిగింది. నీ కొడుకు చెవులు బాగుంటే వాడికే పెట్టుకో అని నేనే పంపించాను.

కానీ నేనూ అన్నీ తెలిసినదాన్నేం కాదు. మొదటిసారి ఆమె పోటీని కన్యకమ్మ ఫోనులో చూశాను. కన్యకమ్మ అంటే కూడలిలో కిరాణా అంగడి నారాయణస్వామి భార్య, ఈ షెడ్డు వాళ్ళదే. ఫోనులో చూస్తే ఏముంది, నా మనవరాలు వెల్లకిలా పడి ఉంది, ఎవతో ఒకతి ఆమె కడుపు మీద కూర్చుని ఉంది. వీపు పూర్తిగా నేలకు ఆనింది. చాలు, ఆపెయ్యి అన్నాను కన్యకమ్మతో. ఇంటికి వచ్చి నరసింహులుతో నీ కూతురు ఓడిపోయిందని చెప్పాను. వాడు రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు రేఖ ఫోను చేసి గెలిచానంది. నాతో అబద్ధమాడొద్దు, నా కళ్ళతో నేను చూశానన్నాను.

"ఏం చూసినావు జేజీ?"

"నీ వీపు కిందానింది. ఇంకేం చూడల్ల?"

అవతల పక్క చాలాసేపు నవ్వింది. తర్వాత చెప్పింది, "వీపు ఆనేది మా ఆటలో మొదలు జేజీ, కడ కాదు. ఆడ్నించే దాని చెయ్యి పట్టినా. అది చాలని తట్టింది."

నాకు సగం అర్థమైంది, సగం కాలేదు. గెలిచిందన్నది మాత్రం వీధంతా చెప్పి వచ్చాను.

ముప్ఫై ఐదో ఏట మోకాలు మెలితిరిగింది. డాక్టరు ఇంక బోనులోకి దిగొద్దన్నాడు. అప్పటికే ఆమె బెంగళూరులో మూడేళ్ళుగా పిల్లలకు నేర్పిస్తూ ఉంది. ఒకరోజు పొద్దున రెండు సంచులు పట్టుకుని మా వాకిట్లో దిగింది. ఇక్కడే నేర్పిస్తానంది. నరసింహులు ఈడ నేర్చుకునేదానికి ఎవరున్నారే అన్నాడు. ఉన్నారని చెప్పి ఈ షెడ్డు చూడడానికి పోయింది.

ఒకప్పుడు ఈ షెడ్డులో చెనక్కాయలు ఒలిచే మిషను ఉండేది. పంటలు తగ్గి మిషను ఆగిపోయింది, దాన్ని కూడా అమ్మేశారు. మూలన కొండంత పొట్టు మిగిలింది. కింద వేసే పరుపులు కొనాలంటే మనవల్ల అయ్యేది కాదు. నేనే చెప్పాను, ఆ పొట్టునే గోతాల్లో కూరి కుడదామని. దబ్బనం పట్టుకుని నేను, రేఖ, నలుగురు ఆడపిల్లలు పదకొండు రోజులు కుట్టాం. పైన టార్పాలిన్ పట్టలు. ఇప్పుడు నువ్వు పడేది ఆ పొట్టు మీదే. పడితే గలగలమంటుంది, నొప్పి మాత్రం పుట్టదు.

నెల తిరిగేలోపల పంతొమ్మిది మంది పిల్లలు చేరారు. కళ్యాణదుర్గం కాలేజీకి బస్సులో పోయివచ్చే పిల్లలు ఎక్కువ. ఆ బస్సులో ఏం జరుగుతుందో నీకు నేను చెప్పనక్కర్లేదు. రేఖ మొదటి నెలంతా వాళ్ళకు పడడమే నేర్పింది. రెండో నెల, మీద మనిషి ఉన్నప్పుడు కింద నుంచి ఏం చేయాలో నేర్పింది. ఒక పిల్ల వెల్లకిలా పడుకునేది, ఇంకో పిల్ల మీద కూర్చునేది. కింద ఉన్నది తిప్పి పారేసేది.

గొడవ అక్కడే మొదలైంది.

రంగన్న అని మా మరిది కొడుకు. పెద్ద భూములు, పెద్ద మాట. ఒకప్పుడు సర్పంచి, ఇప్పుడు ఏ పదవీ లేకపోయినా ఊళ్ళో ఏ పంచాయితీ జరిగినా అతని అరుగు మీదే. ఒకనాడు ఈ దారిన పోతూ కిటికీలోంచి చూశాడు. పిల్లలు వెల్లకిలా పడుకుని ఉన్నారు. వీపుకు మన్నంటితే ఓడినట్టు అని నేర్చుకున్న కళ్ళు కదా, పైగా ఆడపిల్లలు. టీ అంగడి దగ్గర కూర్చుని ఒక మాట అన్నాడు, ఆడపిల్లలకు పడుకునేది నేర్పించే బడి పెట్టిందట మా అన్న కూతురు అని. అక్కడున్నవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు సాయంత్రానికి ప్రతి ఇంటికీ చేరింది.

తల్లులు ఏం చేస్తారు? పంతొమ్మిది మంది పదకొండు మంది అయ్యారు. పదకొండు మంది ఏడుగురయ్యారు. మిగిలిన ఏడుగురిలో చెన్నమ్మ కూతురు సుష్మ ఒకతి. చెన్నమ్మ కూలికి పోయే మనిషి, మొగుడు లేడు, ఒకరికి జవాబు చెప్పే పని లేదు. అయినా ఆమె కూడా ఇంక రెండు రోజులు చూసి మాన్పిస్తానని నాతో అంది.

ఆపైన రంగన్న నారాయణస్వామిని పిలిపించి, ఎరువుల బస్తాలు వేసుకోవాలి, షెడ్డు బీగంచెవి నాకియ్యి అన్నాడు. నారాయణస్వామి మెత్తని మనిషి. కాదనలేడు, అవుననడానికి పెళ్ళానికి భయం. ఆలోచించి చెప్తానన్నాడు.

రేఖ ఆ మాట విని చెప్పులు వేసుకుంది. నేనూ వెనకే పోయాను. రంగన్న అరుగు మీద పదిమంది ఉన్నారు. అతని కొడుకు ప్రణీత్ స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళవాడు, తొంభై కిలోలుంటాడు, పోలీసు సెలక్షన్లకు తయారవుతున్నాడు. ఆ ఏడాది మూడు పరుషల్లో కుస్తీ గెలిచాడు. నిజం చెప్పాలంటే చెడ్డ పిల్లవాడు కాదు. నన్ను చూసి జేజీ కూర్చో అని కుర్చీ తెచ్చి వేశాడు.

రేఖ మాత్రం కూర్చోలేదు.

"చిన్నాయనా, నా బడి గురించి టీ అంగట్లో ఏమో అన్నావంట. నా ముందర అను."

రంగన్న నవ్వాడు. "అనేదేముండాదిమ్మా. ఆడపిల్లలు పడకుండా నిలబడేది నేర్పితే నేనే వచ్చి కొబ్బరికాయ కొడ్తా. నువ్వు పడేది నేర్పిస్తాండావు. పడేది ఎవురికి రాదు?"

"మీ వాళ్ళకు రాదు. పడితే అయిపోయిందనుకుంటారు."

అరుగు మీద ఎవరో దగ్గారు. రంగన్న మొహం మారింది. "మాటలేంటికి? మా ప్రణీత్ ఉండాడు. వానితో పట్టు. ఓడితే బీగంచెవి నాకియ్యల్ల. గెలిస్తే నీ జోలికి రాను."

ఆడమనిషికీ మగవాడికీ కుస్తీ ఏమిటని ఒక ముసలాయన గొణిగాడు. అప్పుడు నేను నోరు విప్పాను. వరసకు అక్కాతమ్ముళ్ళు, ఒక్క వంశం, తప్పేముంది, బావామరదళ్ళయితే కదా ఆలోచించాల్సింది అన్నాను. ముసలాయన సరేలెమ్మని చుట్ట వెలిగించుకున్నాడు.

"ఓడితే ఇస్తా," అంది రేఖ.

చూశావా తల్లీ, అక్కడ జరిగిన పొరపాటు. ఓడితే అని ఇద్దరూ అన్నారు. ఓడడం అంటే ఏమిటో ఇద్దరిలో ఎవరూ అడగలేదు. ఆయనకు ఓడడమంటే వీపుకు మన్ను. ఆమెకు ఓడడమంటే చాలు అని తట్టడం. మేమంతా ఆ అరుగు కింద పుట్టి పెరిగినవాళ్ళం, ఆ మాటకు రెండర్థాలున్నాయని మాకు తట్టనే లేదు. నాకైనా తట్టాలి కదా, ఫోనులో ఒకసారి మోసపోయినదాన్ని. తట్టలేదు.

సోమవారం పొద్దున ఈ షెడ్డు ముందర కళ్లంలో పందెం పెట్టారు. గోతాల మీద కాదు, మన్ను మీద పట్టాలని రంగన్న అన్నాడు. సరేనంది. ఊరు సగం వచ్చింది. మాన్పించేసిన పిల్లల తల్లులు కూడా వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డారు. బీగంచెవి కన్యకమ్మ బొడ్లో ఉంది. నారాయణస్వామి ఆమె పక్కన నిలబడి ఎవరి మొహమూ చూడకుండా ఆకాశం చూస్తున్నాడు, వాన వస్తుందేమో అన్నట్టు.

ప్రణీత్ వచ్చి ముందు నా కాళ్ళకు మొక్కాడు. ఇద్దరూ నా పిల్లలే, ఏమని దీవించాలి? దెబ్బలు తగలకుండా ఉండండి అన్నాను. ఎవరో వెనక నుంచి, ఏమప్పా, అక్కను మెల్లగా పండబెట్టు, మోకాలు నొప్పంట అన్నాడు. నవ్వులు.

ఆ నవ్వుల మధ్యే రేఖ ప్రణీత్‌కు చెప్పింది. "తమ్ముడూ, గుద్దేది లేదు, కొరికేది లేదు. తట్టుకోలేకపోతే నా ఒంటి మీద రెండుసార్లు తట్టు, వెంటనే ఇడుస్తా. నేను తట్టినా నువ్వు ఇడవల్ల."

"అట్లనేలే అక్కా," అన్నాడు. వాడు విన్నాడు. రంగన్న పక్కవాడితో ఏదో మాట్లాడుతూ ఉన్నాడు, అతను వినలేదు.

మొదలైంది. యాభై ఏడు కిలోల ఆడమనిషి, మోకాలికి పట్టీ. తొంభై కిలోల పిల్లవాడు. వాడు భుజాలు పట్టుకుని తోశాడు. రేఖ ఎదురు తోయలేదు. వాడి చొక్కా కాలరు పట్టుకుని, వాడిని తన మీదికి లాక్కుంటూ తనే వెనక్కి కూర్చుని వెల్లకిలా పడిపోయింది. ఎర్రమన్ను లేచింది. వీపు, భుజాలు, తల, అన్నీ నేలకు ఆనాయి.

కళ్లమంతా ఒక్కసారి, ఆయ, అయిపాయ అని కేకలు. రంగన్న కన్యకమ్మ ముందు చెయ్యి చాపాడు. తల్లులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కేకలు ప్రణీత్ చెవిలో పడ్డాయి. పరుషల్లో గెలిచినప్పుడు చేసినట్టు వాడు కుడిచెయ్యి పైకెత్తాడు. ఎడమచెయ్యి ఇంకా రేఖ గుండెల మీదే ఉంది.

ఆ ఎత్తిన చెయ్యి కింద సందు దొరికింది. రేఖ కాలు ఆ చంకలోంచి వచ్చి వాడి మెడ మీద పడింది. రెండో కాలు దాని మీద మడత వేసింది. వాడి మెడా, వాడి ఎడమచెయ్యీ రెండూ ఆ ముడిలో. వాడు లేవబోయాడు, లేవలేకపోయాడు. ఆమెను ఎత్తబోయాడు, నడుము లేవలేదు. మొహం ముందు ఎర్రగా, తర్వాత వంకాయ రంగుకు తిరిగింది. వాడి చెయ్యి వచ్చి ఆమె తొడ మీద రెండుసార్లు, ఆపైన ఇంకోసారి తట్టింది.

రేఖ వెంటనే కాళ్ళు విప్పేసింది.

వాడు కూర్చుని దగ్గుతున్నాడు. జనం నవ్వుతున్నారు. ఎందుకో తెలుసా? మా ఊళ్ళో తట్టడమంటే శభాష్ అనడం. ఎద్దును తడతాం, పిల్లను తడతాం, గెలిచినవాడు ఓడినవాణ్ణి తట్టి, బాగా పట్టినావులే అంటాడు. పాపం అక్కకు శభాష్ చెప్తాండాడు, మంచి పిల్లోడు అని ఒకావిడ నా పక్కనే అంది.

రేఖ లేచి నిలబడింది. వెనక తిరిగితే ఆమె వీపంతా ఎర్రగా ఉంది. రంగన్న దాన్ని చూపించి, ఇంకేం సాక్ష్యం కావాలప్పా అన్నాడు. రేఖ అతని వైపు చూడలేదు. ప్రణీత్‌నే చూసింది.

"తమ్ముడూ, ఏంటికి తట్టినావో చెప్పు."

వాడు వాళ్ళ నాయన వైపు చూశాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "బాగా పట్టినావని తట్టినా అక్కా."

సుష్మ ఉంది కదా, చెన్నమ్మ కూతురు, అబద్ధం అని గట్టిగా అంది. చెన్నమ్మ ఆమె చెయ్యి గిల్లి ఊరుకోబెట్టింది. ఊరంతటిలో ఆ తట్టడం ఏమిటో తెలిసినవాళ్ళు రేఖ దగ్గర నేర్చుకున్న ఆడపిల్లలే. పెద్దవాళ్ళ మధ్య వాళ్ళ మాట ఎవరు వింటారు?

నా సంగతీ చెప్పాలి, దాచను. నాకు తెలుసు వాడు ఓడిపోయాడని. వాడి మొహం రంగు చూశాను. అయినా నా కళ్ళు రేఖ వీపు మీదే ఉన్నాయి. నలుగురిలో ఆ మన్నుతో నిలబడి ఉంది నా పిల్ల. నా కాళ్ళు వాటంతట అవే పోయి తొట్టిలో చెంబు ముంచాయి. నీళ్ళు పట్టుకుని ఆమె వెనక్కి పోయాను.

"కడగొద్దు జేజీ," అంది.

"అందరూ చూస్తాండారు తల్లీ."

"చూడనీ. అది నాకు సిగ్గు కాదు."

చెంబు నా చేతిలోనే ఉండిపోయింది. ఆమె కళ్లం నడిమధ్యకు నడిచి పోయి కూర్చుంది. కూర్చుని వెల్లకిలా పడుకుంది. మోకాళ్ళు మడిచి, చేతులు గుండెల మీద పెట్టుకుని, మా ఆయన మధ్యాహ్నం కునుకు తీసేవాడే, అట్లా నెమ్మదిగా.

"ప్రణీతా, రా నాయనా," అంది పడుకునే. "నన్ను పడెయ్యల్ల అనే కష్టం నీకు లేకుండా నేనే పండుకుంటి. మీ లెక్కన నేను ఇప్పుడే ఓడినట్టు. వచ్చి పట్టు. ఈసారి శభాష్ నోటితో చెప్పు, చేత్తో వద్దు."

వాడు కదలలేదు.

ఎంతసేపు అని చెప్పను? ఒక సజ్జరొట్టె కాలేంతసేపు. ఎండ పైకొస్తూ ఉంది. తొంభై కిలోల వస్తాదు నిలబడే ఉన్నాడు, యాభై ఏడు కిలోల ఆడది నేల మీద పడుకునే ఉంది, మధ్యలో నాలుగు అడుగుల ఎర్రమన్ను. వాడు ఆ నాలుగు అడుగులూ వేయడం లేదు. జనం ముందు నవ్వారు. తర్వాత గుసగుసలాడారు. ఆపైన గుసగుసలు కూడా ఆగిపోయి, వాడి కాళ్ళ వైపే చూడసాగారు. చదువు లేనివాళ్ళకు కూడా అర్థమయ్యే సంగతి అది.

రంగన్న పళ్ళు బిగించి, "పోరా," అన్నాడు.

"నువ్వు పో నాయనా," అన్నాడు ప్రణీత్. మెల్లగానే అన్నాడు, కానీ అంత నిశ్శబ్దంలో అందరికీ వినిపించింది. "ఆ కాలు మెడమీద పడితే కండ్లకు మబ్బు కమ్ముతుంది. ఇంగోసారి నా వల్ల కాదు."

ఆ మాట వాడి నోటి నుంచి రాగానే వేపచెట్టు కింద ఎవరో కిసుక్కున నవ్వారు. ఈసారి ఎవరిని చూసి నవ్వారో వేరే చెప్పాలా?

రంగన్న ఊరుకునే రకం కాదు. కన్యకమ్మ వైపు తిరిగి, వీపుకు మన్నంటింది, అందరం చూసినాం, మాట మాటే, బీగంచెవి ఇయ్యమ్మా అన్నాడు. నారాయణస్వామి గొంతు సవరించుకున్నాడు. ఇచ్చెయ్ అనబోతున్నాడని నాకు తెలుసు. కన్యకమ్మ మొగుడి వైపు చూడనైనా చూడలేదు.

"పందెం ముగిసినట్టు లేదు గదన్నా," అంది. "ఆ పాప ఇంకా ఆడ్నే పండుకోనుండాది. మీ అబ్బాయి పోయి ఆ పాపతో చాలనిపిస్తే, ఆ నిమిషమే ఇస్తా. అందాక నా బొడ్లోనే ఉంటుంది."

రంగన్న ఆమెను చూశాడు, కొడుకును చూశాడు, పడుకుని ఉన్న రేఖను చూశాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. ఇంకోనాడు చూస్తాం అని చెప్పి పోయాడు. రేఖ పడుకునే చెప్పింది, ఎప్పుడైనా రా చిన్నాయనా, నేను ఈడ్నే ఉంటానని.

మగవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. తల్లులు మాత్రం వెళ్ళలేదు. చెన్నమ్మ ముందు కళ్లంలోకి వచ్చింది. రేఖ పక్కన గొంతుకూర్చుంది.

"రేఖా, ఆ కాలు యాడ్నించి వచ్చిందో నాకు తెలియలా. ఇంగోసారి చూపీ."

"పండుకో అయితే."

చెన్నమ్మ అటూ ఇటూ చూసింది. కుచ్చిళ్ళు వెనక్కి దోపి కచ్చ బిగించింది. నలభై ఏళ్ళ మనిషి, పట్టపగలు, ఊరి కళ్లంలో వెల్లకిలా పడుకుంది. సుష్మ వచ్చి తల్లి మీద కూర్చుంది, నవ్వు ఆపుకోలేకపోతూ ఉంది. రేఖ చెన్నమ్మ కాలు పట్టుకుని, ఇట్లా ఎత్తు, ఈడ మడత వెయ్యి, ఇప్పుడు బిగించు అని చూపించింది. సుష్మ గబగబా తల్లి తొడ మీద తట్టింది. చెన్నమ్మ కాళ్ళు విప్పి లేచి కూర్చుని, చుట్టూ ఉన్న ఆడవాళ్ళను చూసింది.

"శభాష్ గాదుమ్మే ఇది," అంది వాళ్ళతో. "ఊపిరాడ్లేదని చెప్పడం. ఆ పిల్లోడు మనకు అబద్ధం చెప్పినాడు."

ఆ మధ్యాహ్నమే మానేసినవాళ్ళంతా తిరిగి వచ్చి మళ్ళీ పంతొమ్మిది మంది అయ్యారు. మరునాటికి ఇరవై ఆరు. ఆదివారాలు తల్లులకు కూడా నేర్పించాల్సి వచ్చింది. గోతాలు చాలక నేను ఇంకో పదిహేను కుట్టాను. రంగన్న ఇప్పటికీ ఈ దారినే పోతాడు. షెడ్డు ముందర ఒక్క నిమిషం ఆగి, ఆ పందెం ముగియలేదని గుర్తుంచుకో అంటాడు. రేఖ కాదనదు. అవును చిన్నాయనా, ముగియలేదు, ఎవరినైనా తీసుకుని రా అంటుంది. ఇది జరిగి పద్నాలుగు నెలలైంది, ఎవరూ రాలేదు. ప్రణీత్‌కు పోలీసు ఉద్యోగం వచ్చింది. మొన్న సెలవుకు వచ్చినప్పుడు అక్క దగ్గరికి వచ్చి, తలుపు బయటే నిలబడి, ఆ రోజు చాలని తట్టినానక్కా అన్నాడు. నాకు తెలుసులే, మీ నాయనకు చెప్పు అంది. చెప్పాడో లేదో నాకు తెలియదు.

అదిగో, బస్సు హారను మోగింది. ఆమె వచ్చేలోపల ఒక్క మాట. గుమ్మఘట్ట వైపు పోయినవాళ్ళు ఈ సంగతిని వేరేగా చెప్తున్నారు. రేఖ ఆ పిల్లవాణ్ణి తల మీదికెత్తి నేలకేసి కొట్టిందని, వాడు మూడు రోజులు మంచం దిగలేదని. మంచి మనసుతోనే చెప్తున్నారు, కానీ అబద్ధం చెప్తున్నారు. గెలవాలంటే పైన ఉండాల్సిందేనని వాళ్ళ తలల్లో ఇంకా ఉంది. నువ్వు అట్లా చెప్పొద్దు తల్లీ. ఆమె కిందనే ఉంది, వీపంతా మన్నుతో ఉంది, కడగనివ్వలేదు, నిలబడినవాడు నాలుగు అడుగులు వేయలేకపోయాడు. ఉన్నది ఉన్నట్టు గుర్తుపెట్టుకో. రేపు నీ ఊళ్ళో ఎవరైనా ఒక ఆడపిల్లను చూసి, పడిపోయింది కదా, అయిపోయింది అంటే, ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇది చెప్పు. నా పేరు మరిచిపోయినా పర్వాలేదు, ఆమె పడుకునే గెలిచిందన్నది మాత్రం మార్చొద్దు.